పేరు లేని పాత గిటారు ఏ దేశానిదో కనుక్కోవడం ఎలా: ఇంట్లోనే చేసుకునే పరిశీలన, అడుగడుగునా

పాత గిటారు చేతికొచ్చిన రోజు దయచేసి తడిగుడ్డతో తుడవకండి. మా పెద్దమ్మ కొడుకు అదే చేశాడు. తిరుపతిలో మా అవ్వ వాళ్ల పాత ఇల్లు పడగొట్టే ముందు అటక ఖాళీ చేస్తుంటే ఇత్తడి బిందెల వెనకాల దుప్పట్లో చుట్టిన చిన్న గిటారు ఒకటి బయటపడింది. నేను వెళ్లేసరికి దాని వెనకవైపు సగం తళతళలాడుతోంది, మిగతా సగం మీద సుద్దతో ఎవరో రాసిన అంకెల్లో చివరి రెండే మిగిలాయి. ముందు ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

అవ్వకు మాత్రం సందేహమే లేదు. "అది అమెరికా దొరసాని వాయించేదిరా అబ్బోడా, కాళహస్తి బంగళాలో. పోతా పోతా మీ తాత చేతికిచ్చి పోయినాది" అంది. దాంతో ఇంట్లో అందరూ అమెరికా గిటారనే ఖాయం చేసేశారు, రేటు కూడా కట్టేశారు. నాలుగు నెలల పాటు సాయంత్రాలు దాంతో కూర్చుని చూస్తే అది అమెరికాలో చేసింది కాదని తేలింది, అవ్వ మాట కూడా అబద్ధం కాకపోవచ్చని తేలింది. ఆ రెండూ ఎలా కుదిరాయో చివర్లో చెప్తాను. ముందు పద్ధతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో దొరికిన గిటారుకీ ఇదే పనికొస్తుంది.

పద్ధతి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. గిటారు మీదున్న పేరు, లేబులు, ఇంట్లో చెప్పుకునే కథ, ఇవన్నీ సాక్ష్యాలే, కానీ మార్చడానికి చాలా తేలికైన సాక్ష్యాలు. మెడని ఒంటికి ఎలా బిగించారు, లోపల పట్టీలు ఎటు వేశారు అన్నవి మార్చాలంటే గిటారునే విప్పాలి, ఆ పని ఎవరూ ఊరికే చేయరు. కాబట్టి మార్చడం కష్టమైనవాటితో మొదలుపెట్టి తేలికైనవాటి వైపు రావాలి. అందరం చేసేది దీనికి తలకిందులు: ముందు పేరు చదివేసి, తర్వాత కనిపించినవన్నీ ఆ పేరుకి సరిపెట్టుకుంటూ పోతాం.

కావలసిన వస్తువులు

పెద్ద ఖర్చేమీ లేదు. పళ్ల డాక్టర్లు వాడే చిన్న గుండ్రటి అద్దం, మంచి టార్చి, స్టీలు స్కేలు (టైలరు టేపు వద్దు, అది సాగుతుంది), చిన్న అయస్కాంతం, దొంగనోట్లు పట్టుకోవడానికి షాపుల్లో పెట్టుకునే ఊదారంగు లైటు, ఒక నోటుపుస్తకం. ఫోనుకి తగిలించుకునే సన్నటి పైపు కెమెరా దొరికితే కొనుక్కోండి, సౌండ్‌హోల్, అంటే పైచెక్క మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం లోంచి లోపలికి పంపితే సగం కథ అదే చెప్పేస్తుంది.

మొదటి అడుగు: ముట్టుకోకముందే ఫొటోలు

ముందు, వెనక, రెండు పక్కలు, తల (తీగలు బిగించే చెవులుండే మెడ చివర) ముందు వెనక, మెడ ఒంటిని కలిసే చోటు, బ్రిడ్జి (పైచెక్క మీద తీగల రెండో కొనని పట్టుకునే దిమ్మ), సౌండ్‌హోల్ చుట్టూ ఉన్న డిజైను, ఇవన్నీ పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. తర్వాత గది చీకటి చేసి టార్చిని పక్కనుంచి, దాదాపు చెక్కకి ఆనించినట్టు పట్టుకుని తల వెనకవైపు మళ్లీ తీయండి. నేరుగా పడే వెలుగులో కనిపించని అచ్చులు, చెరిగిపోయిన పేర్ల అంచులు ఆ వాలు వెలుగులో పైకి తేలతాయి. మా గిటారుకి తల వెనక పై అంచు దగ్గర ఏడక్షరాల ఇంగ్లీషు ముద్ర అలాగే కనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తీగలు ఇంకా ఉంటే ఒక్కసారిగా తెంపకుండా అన్నిటినీ కొద్దికొద్దిగా వదులు చేయండి, తీసినవి కవర్లో దాచండి. కొత్త స్టీలు తీగలు మాత్రం ఇప్పుడే వేయొద్దు. పాత చిన్న గిటార్లు చాలావరకు పేగు తీగల కోసం చేసినవి. వాటి మీద స్టీలు తీగలు బిగిస్తే ఆ లాగుడుకి బ్రిడ్జి లేచిపోతుంది, పైచెక్క ఉబ్బుతుంది. కేసు ఉంటే దాని అడుగున పరిచిన పాత పేపర్లు, రసీదులు, తెగిన తీగల ప్యాకెట్లు ఏవీ పారేయకండి.

రెండో అడుగు: కొలతలు

నట్ (తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా దిగేసిన లోహపు పట్టీల్లో పన్నెండోది) వరకు కొలిచి రెట్టింపు చేయండి, అది స్కేల్ పొడవు, అంటే తీగ మోగే పొడవు. నట్ నుంచి బ్రిడ్జి వరకు నేరుగా కొలవకండి, బ్రిడ్జి జరిగి ఉండొచ్చు. అమెరికాలో పేరున్న కంపెనీలు మార్టిన్, గిబ్సన్. మార్టిన్ గిటార్లలో ఈ పొడవు 25.4 అంగుళాలో 24.9 అంగుళాలో ఉంటుంది, గిబ్సన్‌లో ఎక్కువగా 24.75, ఇప్పటి క్లాసికల్ గిటార్లలో 650 మిల్లీమీటర్లు. మాది సరిగ్గా 630 మిల్లీమీటర్లు వచ్చింది. అంగుళాల్లో చూస్తే 24.8, అంటే గిబ్సన్ కొలతకి చాలా దగ్గర, మా తమ్ముడు ఎగిరి గంతేశాడు. కానీ 24.75 అంగుళాలంటే 628.7 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు పైచిలుకు తేడా టేపుతో కనబడదు, స్టీలు స్కేలుతో కనబడుతుంది. ఒంటి వెడల్పులు, మెడ వెడల్పు, పక్కల లోతు కూడా రెండు లెక్కల్లోనూ రాసుకోండి. ఎక్కువ కొలతలు మిల్లీమీటర్లలో 630, 650 లాంటి గుండు అంకెలుగా వస్తుంటే చేసినవాళ్లు యూరప్ వైపో, జపాన్ వైపో వాళ్లయ్యే అవకాశం పెరుగుతుంది.

ఒంటి బయట ఎన్ని ఫ్రెట్లున్నాయో కూడా లెక్కపెట్టండి. పాతకాలం గిటార్లలో మెడ 12వ ఫ్రెట్ దగ్గర ఒంటిని కలుస్తుంది. మార్టిన్ 1929లో 14 ఫ్రెట్ల మోడల్ తెచ్చాక అదే అమెరికాలో మామూలైపోయింది. వేళ్లకి గుర్తుగా పెట్టే చుక్క 9వ ఫ్రెట్ దగ్గర ఉందా 10వ దాని దగ్గర ఉందా చూడండి, 10 దగ్గరుంటే జర్మనీ, బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం), ఇటలీ వైపు ఆలోచించాలి. ఇదొక్కటే చూసి తేల్చేయకూడదు, మిగతావాటితో కలిపి చూడాలి.

మూడో అడుగు: మెడ ఒంటిని కలిసే చోటు

నేను ఎక్కువ సమయం గడిపింది ఇక్కడే. మెడ ఒంట్లోకి దిగే చోట వెనకవైపు గుర్రపు డెక్కలా ఉండే భాగాన్ని హీల్ అంటారు. మా గిటారు హీల్ మధ్యలో చిన్న రంధ్రం, దాని లోపల నలుపలకల తలతో ఇనుప బోల్టు ఉన్నాయి. ఇంట్లో అందరూ ఏదో భాగం ఊడిపోయిందనుకున్నారు. గోడగడియారం తాళంచెవి పెట్టి తిప్పి చూస్తే అతికినట్టు దిగింది. పావు చుట్టు తిప్పగానే మెడ కొన వెంట్రుకవాసి కదిలింది.

అది ఊడిపోయిన భాగం కాదు, కావాలని పెట్టిందే. 19వ శతాబ్దం మొదట్లో వియన్నాలో యోహాన్ గియోర్గ్ స్టాఫర్ అనే గిటారు చేసేవాడు వాడిన పద్ధతి ఇది: మెడని జిగురుతో అతికించకుండా తాళంచెవితో వంపు సర్దుకునేలా బోల్టుతో బిగించడం. తర్వాత అమెరికా వెళ్లి 1833లో మార్టిన్ కంపెనీ పెట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ పని నేర్చుకుంది ఆయన దగ్గరే. ఈ బోల్టు మెడ జర్మనీ, బొహీమియా ఊళ్లకీ రష్యాకీ పాకింది. సోవియట్ కాలం గిటార్లలో కూడా హీల్ వెనక బోల్టు కనిపిస్తుంది. మీ గిటారుకి ఇలాంటి రంధ్రం ఉంటే చవక గిటార్లు చేసిన షికాగో ఫ్యాక్టరీలనీ, మన కలకత్తాలో చేసిన గిటార్లనీ దాదాపు పక్కన పెట్టేయొచ్చు.

మరి రష్యానా జర్మనీనా? రష్యాలో ఏడు తీగల గిటారు ఎక్కువ. ఏడో చెవి రంధ్రాన్ని పూడ్చి ఆరుగా మార్చారేమో తల మీద చూడండి. సోవియట్ గిటారు లోపల లేబులు మిగిలుంటే రష్యన్ అక్షరాలతో పాటు చాలాసార్లు రూబుళ్లలో ధర కూడా అచ్చేసి ఉంటుంది. మా దానికి పూడ్చిన రంధ్రమూ లేదు, రష్యన్ అక్షరమూ లేదు.

హీల్‌లో రంధ్రం లేకపోతే మెడలో ఇనుప కడ్డీ ఉందా చూడండి. తల మీద నట్ పక్కన చిన్న మూత, దాని కింద తిప్పే మర ఉంటే అది సర్దుబాటు కడ్డీ. ఈ ఏర్పాటు 1920ల మొదట్లో గిబ్సన్‌తో మొదలైంది. మార్టిన్ మాత్రం 1985 దాకా పెట్టలేదు, కాబట్టి కడ్డీ లేనంత మాత్రాన నాసిరకం అనుకోవద్దు. కొన్ని చోట్ల నట్‌కి ఆనుకుని అదనంగా ఒక ఫ్రెట్ ఉంటుంది, తీగలు దాని మీదే ఆనుతాయి, దాన్ని జీరో ఫ్రెట్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీ, చెకొస్లొవాకియా గిటార్లలో ఇది బాగా కనిపిస్తుంది.

నాలుగో అడుగు: లోపలి వైపు

అద్దాన్ని సౌండ్‌హోల్ లోంచి పంపి పైచెక్క కింద అతికించిన పట్టీలు చూడండి. నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటే నిచ్చెన కట్టు. జర్మనీ, బొహీమియా పాతవి, షికాగో చవక గిటార్లు, కలకత్తా గిటార్లు ఎక్కువగా ఇలాంటివే. రెండు పట్టీలు ఒకదాన్నొకటి దాటుతూ ఇంటూ గుర్తులా ఉంటే స్టీలు తీగలకి తగిన కట్టు, 1840లలో మార్టిన్ పెంచిన పద్ధతి, తర్వాత అందరూ తీసుకున్నారు. విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉంటే స్పెయిన్ వైపు పద్ధతి.

తర్వాత వెనకచెక్కని లోపలినుంచి చూడండి. మా గిటారు బయటికి ముదురు చారలతో అచ్చం రోజ్‌వుడ్‌లా ఉంటుంది, లోపల చూస్తే పాలిపోయిన లేత చెక్క. బయటి చారలు చెక్కవి కావు, రంగుతో కుంచె పెట్టి గీసినవి! టార్చి దగ్గర పెట్టి చూస్తే ఒకచోట కుంచె వెంట్రుక కూడా పాలిష్ కింద ఇరుక్కుని కనిపించింది, ఎవరో పనివాడు వందేళ్ల నాటి ఒక పూట వదిలేసిన వెంట్రుక. చవక గిటారుని ఖరీదైనదిగా చూపించడానికి జర్మనీలోనూ షికాగోలోనూ ఈ పని మామూలే. బయటి గీతలూ లోపలి గీతలూ కలవకపోవడానికి ఇంకో కారణం ప్లైవుడ్ కావచ్చు, అంచుల్లో పొరలు కనిపిస్తే ఆ సంగతి తేలిపోతుంది.

జిగురు కారిన మరకలు, పెన్సిలు అంకెలు, సిరా ముద్రలు, దేన్నీ గీకకుండా ఫొటో తీయండి. షికాగోలోని హార్మొనీ కంపెనీ గిటార్లలో లోపల ఎఫ్ అక్షరమో ఎస్ అక్షరమో, పక్కన రెండంకెల సంవత్సరంతో ముద్ర ఉంటుంది. ఇంకో వరసలో హెచ్ అక్షరం, తర్వాత మోడల్ నంబరు ఉంటాయి. ఆ రెండూ దొరికితే మీ పని దాదాపు అయిపోయినట్టే. ఆ కంపెనీ 1975లో మూతపడింది, అంతకుముందు సియర్స్ అనే అమెరికా దుకాణాల సంస్థ అమ్మకాల జాబితాల కోసం వేరే పేర్లతో లెక్కలేనన్ని గిటార్లు చేసింది. అందుకే తల మీద సిల్వర్‌టోన్ అని సియర్స్ వాడిన పేరు ఉన్నా లోపల హార్మొనీ ముద్ర కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

ఐదో అడుగు: తల, చెవులు, స్క్రూలు

తీగలు బిగించే చెవుల పట్టీని స్క్రూల దగ్గర చూడండి. పక్కన పాత రంధ్రాలు, పాత పట్టీ నీడ ఉంటే చెవులు మార్చారు, అప్పుడు వాటి మీదున్న కంపెనీ పేరు గిటారు గురించి ఏమీ చెప్పదు. స్క్రూ తల మీద ఒకే గాడి ఉందా, ప్లస్ గుర్తు ఉందా? ప్లస్ గుర్తు స్క్రూకి అమెరికాలో ఫిలిప్స్ పేరుతో పేటెంట్లు వచ్చింది 1930ల మధ్యలో, కాబట్టి అసలు స్క్రూలే ప్లస్ తలవైతే గిటారు అంతకన్నా పాతది కాదు. ఫ్రెట్లు కూడా అంతే, చదునైన ఇత్తడి పట్టీల్లా దిగేసి ఉంటే పాత పద్ధతి. మార్టిన్ అలాంటి పట్టీల నుంచి ఇప్పుడు మనం చూసే గుండు తల ఫ్రెట్లకి 1934లో మారింది.

ఆరో అడుగు: చెక్క, పాలిష్, ప్లాస్టిక్

తిరుపతిలో ఎర్రగా ఏ చెక్క కనిపించినా ఎర్రచందనం అనేవాళ్లకి కొదవ లేదు. మా వీధిలో ముగ్గురన్నారు. శేషాచలం కొండల చెట్టు కాబట్టి మనకి ఆ ఆలోచన రావడం సహజమే. కానీ పాత గిటార్ల ఎరుపు చాలావరకు మహాగని చెక్కదో, పూసిన రంగుదో. ఎర్రచందనం చేవ నీళ్లలో మునిగేంత బరువు, దాంతో చేసిన వెనకచెక్క ఉంటే గిటారు ఎత్తగానే తెలుస్తుంది. ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను: తేల్చుకోకుండా అమ్మకం ప్రకటనలో ఎర్రచందనం గిటారు అని రాయకండి. అంతర్జాతీయంగా, మన రాష్ట్రంలోనూ దాని మీద ఎంత గట్టి చట్టాలున్నాయో ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు. రోజ్‌వుడ్ విషయంలో కూడా జాగ్రత్త. మార్టిన్ 1969 ప్రాంతంలో బ్రెజిల్ రోజ్‌వుడ్ ఆపి మన జిట్టేగి, అంటే ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది. బ్రెజిల్‌ది 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. చెక్క గుర్తుపట్టడానికి వీణలు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, పనసచెక్కతో బతికిన చేతులకి మిగతా చెక్కల తేడా మనకన్నా బాగా తెలుస్తుంది. నాకు స్ప్రూస్ పైచెక్క, మేపుల్ లాంటి లేత వెనకచెక్క అని మొదట చెప్పింది అలాంటి పెద్దాయనే.

పాలిష్ కోసం ఊదా లైటు వాడండి. చీకట్లో లక్క పాలిష్ నారింజరంగులో వెలుగుతుంది, నైట్రో లక్కర్ అనే పాత రసాయన పాలిష్ పచ్చని ఛాయతో వెలుగుతుంది. ఒకచోట ఒక రంగు, పక్కన ఇంకో రంగు కనిపిస్తే అక్కడ తర్వాత ఎవరో చేయి చేసుకున్నారన్నమాట. స్పిరిట్ చుక్క వేసి చూడమని కొందరు చెప్తారు, లక్క కరుగుతుంది నిజమే, కానీ మచ్చ కూడా అలాగే ఉండిపోతుంది. నేను వేయలేదు, మీరూ వేయకండి.

అంచుల పట్టీలు, చేతి దెబ్బ తగలకుండా పెట్టే రేకు లాంటి పలక సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌వేమో తెలుసుకోవడానికి బొటనవేలికి పొడిగుడ్డ చుట్టి ఒకేచోట గట్టిగా, వేడెక్కేదాకా రుద్ది వెంటనే వాసన చూడండి. కర్పూరం వాసన వస్తుంది. సన్నగా, హారతి పళ్లెం గది దాటిపోయాక మిగిలే వాసనంత. సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం కలుపుతారు కాబట్టి వందేళ్ల తర్వాత కూడా అది బయటికొస్తుంది. మంట పెట్టి మాత్రం చూడకండి, అది భగ్గున అంటుకునే సరుకు.

ఏడో అడుగు: ఇప్పుడు పేరు, నంబరు, దేశం ముద్ర చదవండి

దేశం ముద్రతో మొదలుపెడదాం. 1887లో బ్రిటన్, 1890లో అమెరికా దిగుమతి సరుకుల మీద పుట్టిన దేశం పేరు గురించి చట్టాలు తెచ్చాయి. ఆ తర్వాతే జర్మనీ సరుకుల మీద ఇంగ్లీషులో దేశం పేరు కొట్టడం మామూలైంది. చెకొస్లొవాకియా అని ఉంటే 1918 తర్వాతిది, ఎందుకంటే ఆ దేశం పుట్టిందే అప్పుడు. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949 తర్వాతిది. ఆక్యుపైడ్ జపాన్ అని ఉంటే యుద్ధం తర్వాత 1952 లోపు. నిప్పన్ గక్కి పేరుతో యమహా లేబులు ఉంటే 1987 ముందుది, ఆ ఏడే కంపెనీ పేరు యమహా కార్పొరేషన్‌గా మార్చుకుంది. యమహాలో అందరికీ తెలిసిన ఎఫ్‌జీ వరస మొదలైంది 1966లో.

నంబర్ల దగ్గర తొందరపడొద్దు. మార్టిన్ నంబరు సౌండ్‌హోల్ లోంచి చూస్తే మెడ దిమ్మ మీద కొట్టి ఉంటుంది. 1898లో 8000 దగ్గర మొదలై 1969 చివరికి రెండు లక్షల 56 వేల దాకా వచ్చింది, కాబట్టి నంబరును బట్టి తయారైన సంవత్సరం చెప్పొచ్చు. గిబ్సన్ అలా కాదు, 1960లలో ఒకే నంబరు వేర్వేరు ఏళ్ల గిటార్లకి పడింది. అందుకే తల వెనక నంబరు కింద అమెరికాలో తయారైందన్న ముద్ర ఉందా చూడాలి, అది 1970 నుంచి వచ్చింది. 1977 నుంచి ఎనిమిదంకెల నంబరు, అందులో మొదటి అంకె, ఐదో అంకె పక్కపక్కన పెట్టి చదివితే తయారైన సంవత్సరం. జర్మనీ ఫ్రామస్ గిటార్లలో పెద్ద నంబరు పక్కన 64ఎల్ లాంటి చిన్నది ఉంటుంది, 64 అంటే 1964, అక్షరం నెల. కొన్ని జపాన్ గిటార్ల నంబర్లు చక్రవర్తి పాలన సంవత్సరాల లెక్కన మొదలవుతాయి, మొదటి రెండంకెలు 50 అయితే దానికి 1925 కలిపి 1975 అనుకోవాలి.

మన దేశంలో దొరికే పాత గిటార్లలో పెద్ద భాగం కలకత్తావి. గివ్‌సన్, హాబ్నర్, రేనాల్డ్స్ లాంటి పేర్లు చూస్తారు. అక్షరం అక్షరం చదవండి, గివ్‌సన్‌ని గిబ్సన్ అని, హాబ్నర్‌ని జర్మనీ హాఫ్నర్ అని చదివేసుకుని ఆశలు పెంచుకున్నవాళ్లని నేను చూశాను. కలకత్తాది అని తేలితే బాధపడాల్సిన పనేం లేదు, ఈ దేశంలో గిటారు నేర్చుకున్న రెండు మూడు తరాల చేతులు వాటి మీదే అరిగాయి, ఆ చరిత్రని రాసిపెట్టేవాళ్లే తక్కువ.

ఇంకో సంగతి, పాతకాలంలో మన దగ్గర చాలామంది వాయించింది ఒళ్లో పడుకోబెట్టి ఇనుప కడ్డీతో జార్చే హవాయి గిటారు. హవాయి కళాకారుడు టౌ మో 1940లలో కలకత్తాలో ఉన్నాడు, ఆ వాద్యం అక్కడ బాగా పాకింది. మన గోటువాద్యం, అదే చిత్రవీణ, తెలిసినవాళ్లకి ఈ జారుడు కొత్త కాదు. కాబట్టి మీ గిటారుకి నట్ వింతగా ఎత్తుగా ఉండి, ఫ్రెట్ల మీద అరుగుదలే లేకుండా, మెడ వెనక నలుపలకలుగా ఉంటే అది చెడిపోయింది కాదు, హవాయి పద్ధతిది. మామూలు గుండ్రటి మెడే ఉండి నట్ మీద ఇనుప తొడుగు గుర్తులుంటే మామూలు గిటారునే అలా మార్చుకున్నారన్నమాట. పక్కన వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటే హిందుస్తానీ వాయించేవాళ్లు తరఫ్ తీగలు, అంటే మీటకుండానే తోడుగా మోగే తీగలు వేసుకుని ఉండొచ్చు.

లోపల మద్రాసు లేబులు ఉంటే అది చేసినవాళ్లదా అమ్మినవాళ్లదా చూడండి. మౌంట్ రోడ్డులోని మ్యూజీ మ్యూజికల్ 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలైన దుకాణం. అలాంటి చోటి చీటీ గిటారు ఎక్కడ అమ్ముడైందో చెప్తుంది, ఎక్కడ పుట్టిందో చెప్పదు. చీటీ వయసు మాత్రం మనవాళ్ల గుర్తులతోనే పట్టుకోవచ్చు. ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది, మద్రాసు-2 అన్నట్టు ఒకటో రెండో అంకెలే ఉంటే అంతకుముందుదయ్యే అవకాశం ఎక్కువ. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ ముందుది, నయాపైసల్లో ఉంటే ఆ తర్వాతి కొద్ది ఏళ్లది. కేసులో కాగితం మీద తిరుపతి పక్కన ఉత్తర ఆర్కాటు అని ఉంటే అది చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911 ముందుదని లెక్క.

ఎనిమిదో అడుగు: మన ఊరికి ఎలా వచ్చింది?

ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఫోనులో రికార్డు చేసుకోండి. "ఇది అమెరికాదా?" అని అడిగితే అవునంటారు. "మొదటిసారి ఎక్కడ చూశావు, ఎవరి చేతిలో చూశావు, అప్పుడు నీకెన్నేళ్లు?" అని అడగండి. మన వైపు గిటారు వచ్చే దారులు కొన్నే: రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, మద్రాసు దుకాణాలు, తర్వాతి రోజుల్లో గల్ఫ్, అమెరికా వెళ్లొచ్చినవాళ్లు, వీటన్నిటికన్నా ముందు మిషన్ బంగళాలు. 1950ల చివర్నుంచి 1991 దాకా విదేశీ సరుకుల దిగుమతి మీద గట్టి ఆంక్షలుండేవి, కాబట్టి ఆ కాలం జపాన్ గిటారు మీ ఇంట్లో ఉంటే అది కొట్లో కొన్నది అవడం కన్నా ఎవరో మనిషి చేతిలో వచ్చిందవడమే ఎక్కువ. ఆ మనిషిని వెతకండి.

చిత్తూరు, మదనపల్లె వైపు పనిచేసింది అమెరికన్ ఆర్కాట్ మిషన్. కానీ తిరుపతి, కాళహస్తి, గూడూరు వైపు 1865 నుంచి పనిచేసింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషన్. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బ్రిటిషువాళ్లకి శత్రువులయ్యారు, వాళ్లు వెళ్లిపోవాల్సి వచ్చింది, ఆ తర్వాత ఆ పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చింది. ఇది తెలిసిన రోజు నేను మళ్లీ అవ్వ దగ్గర కూర్చున్నాను. "దొరసాని తెచ్చుకున్నాదా, బంగళాలో ముందే ఉన్నిందా అవ్వా?" అంటే చాలాసేపు ఆలోచించి, "ఉన్నిందేమో నాయనా, మీ తాత అది పాతదనే అనేవాడు" అంది. తల వెనక వాలు వెలుగులో కనిపించిన ఆ ఏడక్షరాలు ఇంగ్లీషులో జర్మనీ అన్న ముద్ర. అంటే అమెరికా దొరసాని వాయించిన మాట నిజమే అయ్యుండొచ్చు, గిటారు జర్మనీది కావడమూ నిజమే. జర్మన్లు వదిలి వెళ్లిందా, అమెరికాకి ఎగుమతై అక్కడ కొని ఇక్కడికి తెచ్చుకున్నదా అన్న రెండు దారులూ ఇంకా తెరిచే ఉన్నాయి, ఆ సుద్ద అంకెలు మిగిలుంటే ఒకటి మూసుకునేదేమో.

చివరి అడుగు: తూకం వేసి రాసిపెట్టడం

నోటుపుస్తకంలో పేజీ మధ్య గీత గీసి ఎడమవైపు మార్చలేనివి, కుడివైపు మార్చగలిగేవి రాయండి. ఎడమవైపు కనీసం మూడు ఒకే దిక్కు చూపిస్తేనే దేశం పేరు రాయండి. కుడివైపుది ఎడమవైపు దాంతో తగువు పడితే ఎడమవైపు మాటే నమ్మండి. ఒకే ఒక్క సంవత్సరం చెప్పాలని తాపత్రయపడకుండా ఇంతకన్నా ముందు కాదు, ఇంతకన్నా తర్వాత కాదు అని రెండు హద్దులు పెట్టండి.

తర్వాత బయటివాళ్లని అడగండి. జర్మనీ వాద్యాలకి మార్క్‌నాయ్‌కిర్షెన్ ఊళ్లో 1883 నుంచి వాద్యాల మ్యూజియం ఉంది, గిటార్లూ వయొలిన్లూ చేసి ప్రపంచమంతా పంపిన ఊరది. ఎవరికి రాసినా ఎనిమిది పది ఫొటోలు, కొలతలు, మీరు చూసినవి మాత్రమే పంపండి, మీ ఊహ ముందే చెప్పకండి, చెప్తే అవతలివాళ్లూ దానివైపే చూస్తారు. ధర గురించి మొదటి ఉత్తరంలో అడగొద్దు.

గిటారుని మాత్రం అటక మీదకి మళ్లీ ఎక్కించకండి, మన ఎండలకి అటక పొయ్యిలా కాలిపోతుంది, పాత జంతు జిగురు వదిలేస్తుంది. నేలకి ఆనకుండా లోపలి గదిలో, గోడకి జానెడు దూరంలో, పాత కాటన్ చీరలో చుట్టి పెట్టండి. నేను ఒక అట్టముక్క మీద ఇలా రాసి దాని మెడకి దారంతో కట్టాను: "తాళంచెవితో సర్దే మెడ. నిచ్చెన కట్టు. స్ప్రూస్ పైచెక్క, రంగు చారలు గీసిన లేత వెనకచెక్క. ఇత్తడి పట్టీ ఫ్రెట్లు. 630 మి.మీ. జర్మనీ ముద్ర. 1887కి ముందు కాదు, 1939 తర్వాత కాదు. చేసినవారు తెలియదు. కాళహస్తి బంగళా నుంచి తాతకి. వెనక సుద్దతో రాసినది తుడిచిపోయింది, చివరి అంకెలు 4, 7."